రుచి అరబికాది, చాకిరీ ఆదివాసీది

2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో అరకు కాఫీ స్టాళ్లు తెరిచారు. నాయకులు కప్పులు పట్టుకుని ఫొటోలు దిగారు. అయిదు నెలలు తిరక్కుండానే, ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు జిల్లా అరకులోయ మండలం చినలబుడు పంచాయతీ తోటల్లో కాఫీ కాయకు తొలుచు పురుగు పట్టిందని తేలింది. ఈసారి తోటల్లోకి దిగింది వ్యవసాయ శాస్త్రవేత్తలూ ఐటీడీఏ సిబ్బందీ. ఇంకా పండని పచ్చి కాయల్ని కోయించి, మరిగే నీళ్లలో ముంచి, గోతుల్లో పూడ్పించారు. కిలోకి 50 రూపాయల పరిహారం ప్రకటించారు. ఏడాదికి ఒక్కసారి చేతికొచ్చే పంటను, చేతికి రాకముందే, ఆ పంట పెంచినవాళ్ల చేతులతోనే గోతిలో పోయించారన్నమాట.

ఆ పని తప్పని చెప్పడం లేదు. ఆ పురుగును ఆపాలంటే మొదట చేయాల్సింది అదే. కానీ ఈ వార్త చదివిన చాలామంది మిత్రులు అడిగిన ప్రశ్న ఒకటుంది: ఇంత తేలిగ్గా తెగుళ్లు పట్టే మొక్కని అసలు ఆదివాసీలతో ఎందుకు పెంచిస్తున్నారు? ఇంకో మొక్క లేదా? మంచి ప్రశ్నే. దానికి జవాబు మొక్క దగ్గర మొదలై, కూలి లెక్క దగ్గర తేలుతుంది.

ఇంకో మొక్క ఉంది. పేరు రోబస్టా. ప్రపంచంలో తాగే కాఫీ దాదాపు అంతా ఈ రెండు జాతులదే. రోబస్టా మైదానానికి దగ్గరి ఎత్తుల్లో, వేడిలో కూడా బతుకుతుంది. తుప్పు తెగులుకి, కాండం తొలిచే పురుగుకి గట్టిగా నిలబడుతుంది. గింజలో కెఫీన్ అరబికాకి దాదాపు రెట్టింపు, చేదూ ఎక్కువ, ధర తక్కువ. అరబికా చల్లటి కొండ మొక్క. సముద్ర మట్టానికి 1000 మీటర్ల చుట్టుపక్కలా, అంతకు పైనా, చెట్ల నీడలో, నెమ్మదిగా కాయ ముదిరితేనే దానికి ఆ సువాసన, ఆ తేలిక పులుపు వస్తాయి. అనంతగిరి నుంచి అరకు, పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి దాకా పరుచుకున్న తూర్పు కనుమలు ఇచ్చేది సరిగ్గా ఆ వాతావరణమే. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లో పారిస్‌లో దుకాణం తెరుచుకున్నదీ ఈ అరబికా పేరు మీదే. గుర్తింపు ఈ జాతికీ ఈ నేలకీ కలిపి ఇచ్చినది కాబట్టి రోబస్టాకి మారిన తోట ఆ పేరు కింద ఒక్క గింజ కూడా అమ్ముకోలేదు.

అరబికా ఎందుకు అంత బలహీనం? దాని పుట్టుకలోనే ఉంది. రోబస్టా పువ్వుకి వేరే మొక్క పుప్పొడి కావాలి, కాబట్టి ప్రతి తరంలోనూ కొత్త కలయికలు వస్తూ ఉంటాయి. అరబికా తన పుప్పొడితో తానే కాయ కట్టుకుంటుంది. పైగా ఇథియోపియా అడవుల నుంచి యెమెన్ మీదుగా లోకమంతా పాకింది పిడికెడు విత్తనాల సంతానం. అంటే ఖండాలు దాటి పరుచుకున్న ఈ తోటలన్నీ దగ్గరి చుట్టాలే. ఒక మొక్కని పడగొట్టడం నేర్చుకున్న తెగులు అన్నిటినీ పడగొడుతుంది. (శుద్ధ రక్తం గురించి గొప్పలు చెప్పుకునేవాళ్లు ఒకసారి అరబికా తోట చూడాలి.)

సింహళంలో ఏం జరిగింది

ఆకు అడుగున నారింజ రంగు పొడి. వేలితో రాస్తే కుంకుమలా అంటుకుంటుంది. అదే తుప్పు తెగులు, ఒక బూజు. పట్టిన ఆకు రాలిపోతుంది, ఆకు లేని కొమ్మ మరుసటి ఏడాది కాయదు. 1869లో సింహళంలో, అంటే నేటి శ్రీలంకలో, దీన్ని మొదట గుర్తించారు. అప్పటికి ఆ దీవి ప్రపంచంలోని పెద్ద కాఫీ దేశాల్లో ఒకటి. ఇరవై ఏళ్లు తిరిగేసరికి కాఫీ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. తోటల దొరలు టీకి మారారు. ఇవాళ మనం సిలోన్ టీ అని చెప్పుకునే వైభవం ఆ బూజు మీద మొలిచిందే. మరి ఆ కాఫీ తోటల్లో పనిచేసింది ఎవరు? తమిళ జిల్లాల కరువు పల్లెల నుంచి సముద్రం దాటించి తీసుకుపోయిన కూలీలు. వాళ్లలో పెద్ద భాగం అంటరాని కులాలవాళ్లు. పంట పోయినప్పుడు దొర దగ్గర ఇంకో పంటకి మారడానికి పెట్టుబడి ఉంది. కూలికి ఇంకో పని వెతుక్కోవడం తప్ప ఏదీ లేదు. మొక్క తెగులు చరిత్ర పుస్తకాల్లో ఈ రెండో సంగతికి ఒక వాక్యం కూడా దక్కదు.

తుప్పు మన దేశపు తోటలకీ అదే కాలంలో చేరింది. అప్పటి నుంచి తట్టుకునే రకాల కోసం వెతుకులాట మొదలైంది. 1925లో కర్ణాటకలోని బాలెహొన్నూరులో కాఫీ ప్రయోగ కేంద్రం ఏర్పడింది. అక్కడ తయారైన ఎస్‌.795 అనే రకం 1940లలో రైతులకి చేరింది. అరబికా, లైబీరికా జాతుల సహజ సంకరం నుంచి వచ్చిన మొక్కను కెంట్ అనే పాత రకంతో కలిపి దాన్ని తీశారు. కప్పులో రుచి బాగుంది, మొదట్లో తుప్పునీ తట్టుకుంది. కానీ బూజు కూడా ఊరుకోదు, కొత్త తెగలుగా మారుతూ ఉంటుంది. కొన్నేళ్లకి ఎస్‌.795 తోటల్లోనూ నారింజ పొడి కనిపించింది. ఆ తరవాత 1985లో కావేరి వచ్చింది. పొట్టి మొక్క, విరగకాపు, రోబస్టా రక్తం కలిసిన తైమూరు సంకరం దాని తాత. దాని కవచమూ ఎక్కువ కాలం నిలవలేదు. ఇథియోపియా రకానికి అదే తైమూరు సంకరాన్ని కలిపిన సెలక్షన్ 9, 2007లో విడుదలైన చంద్రగిరి కూడా ఈ వరసలోవే. మన ఏజెన్సీ తోటల్లో ఇవన్నీ కలగలిసి కనిపిస్తాయి. గూడెం కొత్తవీధి వైపు ఆర్వీ నగర్‌లో కాఫీ బోర్డు ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది.

ఇందులో విద్యార్థులు గమనించాల్సింది ఒకటుంది. తట్టుకునే రకాన్ని సృష్టించే పని తుప్పు విషయంలో కొంత ఫలించింది. మిగతా రెండు పెద్ద శత్రువుల విషయంలో దాదాపు ఫలించలేదు. ఆ రెండూ పురుగులు.

నీడ కరువైన చోట

మొదటిది తెల్ల కాండం తొలుచు పురుగు. తల్లి పురుగు ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకోసారి ఎగిరి, కాండం బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు లోపలికి దూరి నెలల తరబడి కర్రను తొలుస్తుంది. బయటికి కనిపించేది కాండం మీద ఉబ్బిన గీతలు, పసుపెక్కిన ఆకులు. అప్పటికి చేయగలిగిందల్లా ఆ మొక్కని వేళ్లతో పీకి కాల్చేయడమే. ఏడెనిమిదేళ్లు పెంచిన మొక్క అయినా అంతే. కొత్తగా నాటింది కాపుకి రావడానికి మళ్లీ మూడు నాలుగేళ్లు.

ఈ పురుగుకి ఎండ ఇష్టం. ఎండ పడే కాండం మీదే ఎక్కువ గుడ్లు పెడుతుంది. కాబట్టి దీనికి మొదటి మందు నీడ. పనస, మామిడి, నేరేడు లాంటి స్థానిక చెట్లూ, వాటితోబాటు సిల్వర్ ఓక్‌లూ పైన గొడుగు పట్టి ఉంటే పురుగు తగ్గుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ కొండల మీదుగా పోయినప్పుడు నీడ చెట్లు పెద్దఎత్తున నేలకూలాయి. అప్పట్లో నష్టం లెక్క కూలిన చెట్లకీ విరిగిన కాఫీ మొక్కలకీ వేశారు. నీడ పోయి ఎండలో నిలబడిన మొక్కకి తరవాతి రెండు మూడేళ్లలో పట్టే పురుగుది ఏ తుఫాను లెక్క? నీడ చెట్టును కర్రకి కొనుక్కునే వ్యాపారులు కూడా ఊళ్లలోకి వస్తుంటారు. పిల్ల చదువుకో, ఆసుపత్రికో డబ్బు అవసరమై నాలుగు సిల్వర్ ఓక్‌లు అమ్ముకున్న ఇంటిని తప్పుపట్టే ముందు, ఆ ఇంటికి అప్పు పుట్టే ఇంకో చోటు ఉందా అని చూడాలి.

నీడతో పాటు ఇంకో పని ఉంది. పురుగు ఎగిరే కాలానికి ముందు ప్రతి మొక్క కాండాన్నీ కొబ్బరి పీచుతోనో గోనె గుడ్డతోనో రుద్ది, పెచ్చులు కట్టిన బెరడు రాల్చి, పగుళ్లు లేకుండా నున్నగా చేయాలి. సున్నం పూయాలి. ఎకరానికి వెయ్యి మొక్కలు అనుకోండి. వెయ్యి సార్లు వంగాలి, ఏడాదికి రెండు విడతలు. తుప్పుకి కొట్టే బోర్డో మిశ్రమం సంగతీ ఇంతే. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 200 లీటర్ల నీళ్లు అని కరపత్రంలో ఒక్క వాక్యం ఉంటుంది. ఆ 200 లీటర్ల నీళ్లను గెడ్డ నుంచి కొండ మీది తోటకి మోసేది ఎవరో ఆ వాక్యంలో ఉండదు.

నువ్వు గింజకన్నా చిన్న పురుగు

రెండోది చినలబుడులో బయటపడ్డ కాయ తొలుచు పురుగు. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

నల్లగా ఉండే ఆడ పురుగు పొడవు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కాయ కొసన బొడ్డు ఉంటుంది కదా, అక్కడ గుండుసూది మొన అంత రంధ్రం చేసి లోపలికి పోతుంది. గింజలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలు గింజనే తిని పెరుగుతాయి. మగవాటికి ఎగరడం రాదు. అవి ఆ కాయలోనే తోడబుట్టినవాటితో జతకట్టి, అక్కడే చచ్చిపోతాయి. బయటికొచ్చే ప్రతి ఆడదీ అప్పటికే గుడ్లకి సిద్ధం. అంటే తోటలో ఒక్క పురుగు చేరినా చాలు, సంతతి మొదలైపోతుంది. జీవితంలో ఎక్కువ భాగం కాయ లోపలే గడుపుతుంది కాబట్టి పైన ఏ మందు కొట్టినా అంతగా అంటదు. కెఫీన్ అనేది పురుగుల నుంచి కాపాడుకోవడానికి మొక్క తయారుచేసుకున్న విషం. ఈ పురుగు కడుపులోని సూక్ష్మజీవులు ఆ విషాన్ని కూడా విరిచేస్తాయని 2015లో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. కాబట్టి కెఫీన్ ఎక్కువున్న రోబస్టానీ ఇది వదలదు. 'అరబికా తీసేసి రోబస్టా పెట్టండి' అనే సలహా ఇక్కడ పనికిరాదు.

మన దేశంలో ఇది మొదట 1990లో నీలగిరి కొండల గూడలూరులో కనిపించింది. అక్కడి నుంచి వయనాడు, కొడగు తోటలకి పాకింది. తనంతట తాను ఎక్కువ దూరం ఎగరలేదు. దూరప్రయాణం గోనె సంచుల్లో, సరిగా ఎండని గింజలో, లారీల్లో జరుగుతుంది. అంటే దాన్ని ఊరు దాటించేది వ్యాపారమే. చల్లని ఎత్తుల్లో నెమ్మదిగా పెరుగుతుంది, వేడి పెరిగేకొద్దీ దాని సంతతి వేగమూ పెరుగుతుంది. వాతావరణ మార్పు గురించి సెమినార్లలో వినే మాట ఇక్కడ ఒక కాయ బొడ్డు దగ్గర కంటికి కనిపిస్తుంది.

దీనికి మందు ఏమిటి? బ్యువేరియా అనే బూజును నీళ్లలో కలిపి పిచికారీ చేస్తే, గాలిలో తేమ ఉన్నప్పుడు పురుగును చంపుతుంది. సేంద్రియ తోటలకి ఇది సరిపోతుంది. ఆల్కహాలు వాసనతో రప్పించే ఎర్ర బుట్టలు కొన్నిటిని పడతాయి. కానీ ఏ శాస్త్రవేత్తని అడిగినా మొదట చెప్పేది వీటి గురించి కాదు, శుభ్రంగా కోయమని. తోటలో ఒక్క కాయ కూడా మిగలకూడదు. కొమ్మ మీద ఎండిపోయినదీ, కింద రాలినదీ, ఆకుల్లో దొర్లిపోయినదీ ఏరాలి. కోత అయిపోయాక మళ్లీ కోత వచ్చేదాకా పురుగు తలదాచుకునేది ఆ మిగిలిపోయిన కాయల్లోనే. కోసేటప్పుడు చెట్టు కింద పట్టాలు పరవాలి. పట్టిన కాయల్ని రెండు మూడు నిమిషాలు మరిగే నీళ్లలో ముంచాలి. గింజను బాగా ఎండబెట్టాలి, పార్చ్‌మెంట్‌లో తేమ నూటికి పదికి మించకూడదు. పాత సంచులు వాడకూడదు.

మన కొండల్లో కోత నవంబరులో మొదలై జనవరి, ఫిబ్రవరి దాకా సాగుతుంది. ఎర్రగా పండినదే కోయాలి కాబట్టి ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లాలి. ఈ ఏరుడు ఎక్కువగా ఆడవాళ్ల పని. చివరి విడతలో రోజంతా తిరిగినా బుట్ట అడుగు నిండదు. ఆ మిగిలిన కాయకి ధరా రాదు. ఏరకపోతే మాత్రం వచ్చే ఏడు పక్క ఊరి పంట కూడా పోతుంది.

ఎస్టేటు కోసం రాసిన చిట్టా

రుద్దడం, సున్నం పూయడం, నీడ దిద్దడం, పిచికారీ, రాలినవి ఏరడం. ఈ చిట్టా అంతా తయారైంది చిక్కమగళూరు, కొడగు ఎస్టేట్ల అనుభవం మీద. అక్కడ యజమాని ఉంటాడు, లైన్ ఇళ్లలో కూలీలు ఉంటారు. ఆ కూలీల్లో ఎక్కువమంది దళితులు, ఎరవ, పణియ, జేను కురుబ లాంటి ఆదివాసీలు. వాళ్లకిచ్చే కూలి ఎంత తక్కువైనా, యజమాని ఖాతాలో అది ఖర్చుగా రాసి ఉంటుంది. పురుగు వస్తే ఆ ఖర్చు పెరిగిందని ఆయన ప్రభుత్వాన్ని అడగగలడు.

పాడేరు ఏజెన్సీ కథ వేరు. 1898లో పాములేరు లోయలో ఒక ఇంగ్లీషు దొర నాటిన కాఫీ, తరవాత అటవీ శాఖ చేతుల్లోకీ, 1975లో పుట్టిన అటవీ అభివృద్ధి సంస్థ తోటల్లోకీ వచ్చింది. ఆ తోటల్లో ఆదివాసీ కూలీయే. ఆదివాసీ తన సొంత చెలకలో, పోడు కొట్టిన వాలులో కాఫీ పెట్టడం గిరిజన సహకార సంస్థ, ఆ తరవాత ఐటీడీఏ పథకాలతో ఊపందుకుంది. ఇవాళ పదకొండు మండలాల్లో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. అందులో అత్యధికం ఎకరం, రెండెకరాల తోటలే. బగత, కొండదొర, కోటియా, కోందు, పోర్జ, గదబ ఇళ్ల తోటలు. యజమానీ కూలీ ఒకరే. గర్వించాల్సిన సంగతే, భూమి మీద హక్కు కోసం ఈ కొండల్లో ఎంత నెత్తురు కారిందో తెలిసినవాళ్లకి మరీను. చిక్కల్లా ఏమిటంటే, కూలి ఎవరి ఖాతాలోనూ రాయని చోట తెగులు తెచ్చిన అదనపు పని కూడా ఎవరి లెక్కకీ రాదు. ఇంటి ఆడమనిషి ఒక రోజు ఎక్కువ వంగుతుంది, అంతే.

ఇప్పుడు ఆ 50 రూపాయల దగ్గరికి వద్దాం. దాదాపు ఆరు కిలోల పండు కలిస్తే కిలో శుద్ధమైన అరబికా గింజ వస్తుంది. 2025 ఫిబ్రవరిలో అంతర్జాతీయ మార్కెట్‌లో అరబికా ధర పౌనుకి 4 డాలర్లు దాటింది. అంటే కిలో గింజ 750 రూపాయల పైమాటే. ఆరుతో భాగిస్తే కిలో పండు విలువ 125 రూపాయలు. ఆ మొత్తం రైతుకి ఎప్పుడూ రాదు, నిజమే. పొట్టు తీయడం, ఎండబెట్టడం, రవాణా, వ్యాపారి వాటా పోతాయి. అయినా లెక్క ఒక విషయం చెబుతుంది. 50 రూపాయలు పోయిన కాయకి ఇచ్చినవి. ఏడాదంతా ఆ చెట్టుకి చేసిన చాకిరీకీ, కాయ కోసి పూడ్చిన కూలికీ, వచ్చే రెండు మూడేళ్లు ఒక్క కాయ మిగలకుండా ఏరాల్సిన రోజులకీ అందులో విడిగా ఏమీ లేదు. పారిస్‌లో కప్పు కాఫీకి ధర పెరిగిందంటే దానికి కారణం ఈ ఏరుడే కదా.

సంత దగ్గర ఇంకో రకం తూకం నడుస్తుంది. వానాకాలంలో బియ్యానికో మందులకో అడ్వాన్సు ఇచ్చిన షావుకారు కోతకాలంలో పండిందీ పచ్చిదీ కలిపి ఒకే రేటుకి తీసుకుపోతాడు. ఎర్రటి పండు మాత్రమే కోసినామెకీ, కొమ్మ దూసి పోసినామెకీ ఒకే డబ్బు. అలాంటప్పుడు శుభ్రంగా కోయమని ఎవరు చెప్పినా ఎందుకు వినాలి? సహకార సంఘాలు, జీసీసీ పండుకీ పార్చ్‌మెంట్‌కీ వేరువేరు ధరలు కట్టి, సకాలంలో డబ్బు ఇచ్చిన ఊళ్లలో తోట సంరక్షణ బాగుండటం యాదృచ్ఛికం కాదు.

క్షేత్రానికి వెళ్లే మిత్రులకి కొన్ని మాటలు. నష్టపోయినవాళ్ల జాబితా ఏ కాగితం చూసి రాశారో మొదట అడగండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చినవాళ్లూ, దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నవాళ్లూ, అసలు కాగితమే లేక తాతల నాటి పోడులో కాఫీ పెంచుతున్నవాళ్లూ ఒకే గట్టు మీద ఉంటారు. పురుగు పట్టా చూసి వాలదు. కాగితం లేని తోటలో కాయ పూడ్చి పరిహారం ఇవ్వకపోతే, తరవాతి సారి పురుగు కనిపిస్తే ఆ ఇంటివాళ్లు చెప్పరు. చెప్పకపోతే కొండంతా పోతుంది. జాబితాను గ్రామసభలో చదివించమని అడగొచ్చు. పీసా చట్టం అయిదో షెడ్యూలు ప్రాంతాల్లో గ్రామసభకి ఇచ్చిన స్థానం అలంకారానికి కాదు. ఎవరి తోటలో ఎన్ని కిలోలు పూడ్చారో ఊళ్లోవాళ్లకి తెలిసినంత ఆఫీసుకి తెలియదు.

రెండోది, ఎవరూ పట్టించుకోని తోటల సంగతి. వలస వెళ్లిన ఇంటిది, ముసలివాళ్లే మిగిలిన ఇంటిది, కోత సరిగా జరగని ప్రభుత్వ తోటది. అక్కడ కాయ మిగిలితే చుట్టూ ఎంతమంది ఏరినా ఫలితం ఉండదు. ఒంటరి రైతు బాధ్యతగా చూస్తే ఈ చిక్కు విడదు. ఏజెన్సీలో కాఫీ మొక్కలు నాటడానికి ఉపాధి హామీ డబ్బు వాడిన అనుభవం ఉంది. గుంత తవ్వితే కూలి ఇవ్వగలిగిన ప్రభుత్వం, అదే చెట్టు కింద రాలిన కాయ ఏరితే ఎందుకు ఇవ్వకూడదు? జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా, ఊరుమ్మడిగా, ఇంటికి ఇన్ని రోజులని లెక్కగట్టి, మైదానంలో కాలువ పూడిక తీసినట్టే. పట్టాలు, కొత్త సంచులు, మరిగించడానికి డేగిసాలు ఊరికి ఒక జత ఇవ్వడం అంతకన్నా చిన్న ఖర్చు.

ఒకసారి తోటలోకి వెళ్లినప్పుడు కాయను తిప్పి బొడ్డు వైపు చూడండి. రంధ్రం కనిపిస్తే కోసి జేబులో వేసుకుని రాకండి, సంచిలో అరకు దాటించకండి. అక్కడే తోటామెకి ఇవ్వండి. ఆమె దగ్గర నీళ్లు మరుగుతూ ఉంటాయి.